దేవుడి ఇష్టం, ఊరి ఇష్టం

భద్రాచలం రాముడు తెలంగాణలో ఉన్నాడు. ఆయన పొలాలు ఆంధ్రప్రదేశ్‌లో ఉన్నాయి. ఊరి అంచు దాటగానే వచ్చే పురుషోత్తపట్నంలో దేవస్థానానికి దాదాపు 890 ఎకరాల భూమి ఉంది. ఆ భూమికి రెవెన్యూ ఆఫీసు వేరు, పోలీసు స్టేషను వేరు, హైకోర్టు వేరు. జటాయువు నేలకొరిగిన చోటని మా పెద్దలు చూపించే ఎటపాక ఆంధ్రలో ఉంది. సీతమ్మ నారచీరలు ఆరేసిందని చెప్పుకునే పర్ణశాల తెలంగాణలో ఉంది. ఇసుక తవ్వితే వేడినీళ్లు ఊరే గుండాల ఆంధ్రలో ఉంది. భద్రాచలంలో దర్శనం చేసుకుని పర్ణశాలకు బయల్దేరిన యాత్రికులు ఒక రాష్ట్రంలో బస్సెక్కి, ఇంకో రాష్ట్రం మీదుగా వెళ్లి, మళ్లీ మొదటి రాష్ట్రంలో దిగుతారు. కిటికీ పక్కన కూర్చున్నవాళ్లకు ఎక్కడా తేడా కనిపించదు. అవే చెట్లు, అవే మిరప చేలు.

దేవుడికి సరిహద్దు ఉంటుందా? ఉంటే అది ఎవరు గీయాలి? ఈ ప్రశ్న నన్ను వదలకపోవడానికి కారణం నేను పుట్టిన ఊరు.

మాది ఎటపాక. నాన్న అక్కడ బడిపంతులు. తత్వశాస్త్రంలో ఎమ్మే చదవడానికి ఉస్మానియాకు వచ్చాను. పెళ్లయ్యాక గోల్నాకలో స్థిరపడి, డిగ్రీ కాలేజీల్లో అదే పాఠం చెప్పి రిటైరయ్యాను. ఇప్పటికీ వీలైనప్పుడల్లా క్యాంపస్ లైబ్రరీకి వెళ్తాను. తమ్ముడు ఊళ్లోనే ఉండిపోయాడు. భద్రాచలంలో గుడి దారిలో వాడికి కొబ్బరికాయల దుకాణం ఉంది. 2014 నుంచీ వాడు పొద్దున ఆంధ్రలో నిద్రలేచి, పగలంతా తెలంగాణలో బేరం చేసుకుని, రాత్రికి ఆంధ్రలో పడుకుంటున్నాడు. రేషన్ బియ్యం ఒక రాష్ట్రం ఇస్తుంది. జ్వరమొస్తే మరో రాష్ట్రంలోని భద్రాచలం ఏరియా ఆసుపత్రే దిక్కు. ఎటపాక, చింతూరు, కూనవరం వైపు వాళ్లే కాదు, ఛత్తీస్‌గఢ్, ఒడిశా అడవుల్లోంచి కూడా నిండు గర్భిణులు ఆ ఆసుపత్రికే వస్తారు. అక్కడి కాన్పుల వార్డులో ఏ రాష్ట్రమని అడిగి మంచం ఇవ్వరు.

నా మేనకోడలు అక్కడే పుట్టింది. అప్పుడది ఖమ్మం జిల్లా. పదో తరగతి హాల్‌టికెట్ మీద తూర్పుగోదావరి జిల్లా అని ఉంది. ఇంటర్ పూర్తయ్యేసరికి అల్లూరి సీతారామరాజు జిల్లా వచ్చింది. ఇల్లు మాత్రం అంగుళం కదల్లేదు. డిగ్రీ అయ్యాక తార్నాకలో హాస్టల్ చూసుకుని ఓయూలో పీజీ సీటుకు దరఖాస్తు నింపుతూ, లోకల్, నాన్‌లోకల్ గడుల దగ్గర ఆగి నాకు ఫోన్ చేసింది. "అత్తా, నేనెక్కడి దాన్ని?" అని అడిగింది. ఎన్నో ఏళ్లు తరగతిలో అస్తిత్వం గురించి మాట్లాడిన నాకు ఆ పిల్ల ప్రశ్న అన్నిటికన్నా బరువుగా తోచింది. దానికి జవాబు వెతకడానికే ఈ వ్యాసం.

మా నేలకు గీతలు కొత్తవి కావు. కంచర్ల గోపన్న తహశీల్దారుగా ఉన్నప్పుడు భద్రాచలం పాల్వంచ పరగణాలో ఉండేది. ఏలినవాడు గోల్కొండ నవాబు అబుల్ హసన్ తానీషా. సర్కారు సొమ్ముతో గుడి కట్టించినందుకు గోపన్న గోల్కొండ ఖైదులో ఉన్న కథ తెలుగువాళ్లందరికీ తెలుసు. ఆ తానీషా పేరు మీదే కల్యాణానికి ముత్యాల తలంబ్రాలు పంపే ఆచారం నిలిచింది. 1687లో గోల్కొండ పడిపోయింది. 1860లో గోదావరి ఎడమ గట్టునున్న మా తాలూకాలను నిజాం ఇంగ్లీషు వాళ్లకు అప్పగించాడు. మొదట సెంట్రల్ ప్రావిన్సుల్లో అప్పర్ గోదావరి జిల్లాలో కలిపారు. 1874లో మద్రాసు ప్రెసిడెన్సీలోని గోదావరి జిల్లాకు మార్చారు. అప్పుడు గోదావరే సరిహద్దు. రాముడు ఇంగ్లీషు వాళ్ల ఇలాకాలో ఉంటే, ఆయనకు సాయం పంపే నిజాం సర్కారు అవతలి ఒడ్డున ఉండేది. ఆ సాయం మాత్రం ఏరు దాటి వస్తూనే ఉంది. స్వతంత్రం వచ్చాక భద్రాచలం తూర్పుగోదావరిలో ఉండి, 1959లో ఖమ్మం జిల్లాకు వెళ్లింది.

ఆ తర్వాత 2014 వచ్చింది. తెలంగాణ కోసం ఉస్మానియా ఎంత రగిలిందో గోల్నాకలో ఉన్నవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. 2009 డిసెంబరులో క్యాంపస్ చుట్టూ ముళ్లకంచెలు వేసి, బాష్పవాయువు వదిలిన రోజుల్ని చూసినవాళ్లం. రాష్ట్రం ఏర్పడే జూన్ 2 వస్తోందని వీధులన్నీ పండగకు సిద్ధమవుతుంటే, దానికి నాలుగు రోజుల ముందు కేంద్రం ఆర్డినెన్సు తెచ్చింది. మే 29న తెలంగాణ బంద్ జరిగింది. జూలైలో పార్లమెంటు ఆ ఆర్డినెన్సును చట్టం చేసింది. కూనవరం, వరరామచంద్రపురం, చింతూరు, కుక్కునూరు, వేలేరుపాడు మండలాలు, పన్నెండు ఊళ్లు మినహా బూర్గంపాడు, భద్రాచలం రెవెన్యూ గ్రామం మినహా భద్రాచలం మండలం ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లాయి. పోలవరం డ్యాము కడితే మునిగే ఊళ్లు పక్క రాష్ట్రంలో ఉండకూడదన్నది కారణం. గుడి ఉన్న పట్నం ఇటు మిగిలింది. గుడి చుట్టూ ఉన్న పల్లెలు అటు పోయాయి. గోల్నాకలో మా వీధిలో జూన్ 2 రాత్రి బాణసంచా కాలుస్తుంటే నేను సంతోషంగానే నిలబడ్డాను. అదే సమయంలో ఫోన్లో తమ్ముడి గొంతు వింటూ, ఏమని ఓదార్చాలో తెలియక నిలబడ్డాను.

అప్పటికి నెల ముందే మా ఊళ్లవాళ్లు తెలంగాణ అసెంబ్లీకి ఓటేసి ఉన్నారు. భద్రాచలం ఎమ్మెల్యేగా సున్నం రాజయ్య గెలిచారు. సైకిల్ మీద, ఆర్టీసీ బస్సులో తిరిగిన మనిషిగా ఆయన్ని అందరూ ఎరుగుదురు. ఆయన సొంత ఊరు వరరామచంద్రపురం మండలంలోది. అంటే తెలంగాణ శాసనసభ్యుడి ఇల్లే ఆంధ్రకు వెళ్లిపోయింది. ఆ మండలాల జనం ఆంధ్ర అసెంబ్లీకి ఓటు వేయగలిగింది 2019లోనే. అయిదేళ్ల పాటు వాళ్ల మీద పన్ను వేసిన సభలో వాళ్లు ఎన్నుకున్న మనిషి లేడు. వాళ్లు ఎన్నుకున్న మనిషి ఉన్న సభకు వాళ్ల ఊరి మీద అధికారం లేదు.

ఇంతకూ రాముడికేమైంది? దేవుడు అంతటా ఉంటాడు, ఆయనకు ఆంధ్రా లేదు, తెలంగాణా లేదు అని చాలామంది నన్ను సముదాయించారు. మంచి మనసుతో చెప్పిన మాటే. కానీ భద్రాచలం భక్తులు నమ్మేది ఆ మాట ఒక్కదాన్నే కాదు. వైష్ణవ సిద్ధాంతంలో భగవంతుడికి అయిదు రూపాలున్నాయి. పరమపదంలో ఉండే పరరూపం, సృష్టి నడిపే వ్యూహం, రాముడు కృష్ణుడు వంటి విభవం, హృదయంలో ఉండే అంతర్యామి, చివరిది గుళ్లో కొలువైన అర్చావతారం. అంతటా ఉండగలిగినవాడు ఒక చోటికి కట్టుబడటమే అర్చలోని గొప్పతనమని ఆచార్యులు చెప్పారు. ఆ రూపంలో స్వామి అర్చకుడు నీళ్లుపోస్తేనే స్నానం చేస్తాడు, నైవేద్యం పెడితేనే ఆరగిస్తాడు, తలుపు తీస్తేనే వెలుగు చూస్తాడు. సర్వస్వతంత్రుడు భక్తుడికి లోబడి బతుకుతాడు. కాబట్టి చోటు అనేది ఆయనకు లెక్కలేని విషయం కాదు. ఆ కొండ, ఆ ఏటి వంపు, పోకల దమ్మక్క అనే అడవి మనిషి తాటిపండ్లు నైవేద్యం పెట్టిన ఆ నేల, అన్నీ కలిస్తేనే భద్రాద్రి రాముడు.

చోటు మారితే దేవుడు కూడా కష్టపడతాడని మన చరిత్రే చెబుతుంది. 1323లో ఢిల్లీ సైన్యం శ్రీరంగం మీద పడినప్పుడు రంగనాథుడి ఉత్సవమూర్తిని భక్తులు మోసుకుని బయటపడ్డారు. స్వామి ఊరూరా తిరిగాడు, అడవుల్లో దాక్కున్నాడు, తిరుమల కొండమీద కొన్నేళ్లు తలదాచుకున్నాడు. 1371లో గాని మళ్లీ శ్రీరంగం చేరలేదు. దాదాపు యాభై ఏళ్లు దేవుడు కాందిశీకుడు. మన తెలుగు నేల మీద శ్రీశైలం జలాశయం కింద ఊళ్లు మునిగినప్పుడు కూడలి సంగమేశ్వరుడి గుడిని రాయి రాయికీ అంకె వేసి విప్పి, అలంపురంలో మళ్లీ పేర్చారు. రాళ్లు మోసుకెళ్లగలిగారు. రెండు నదులు కలిసే చోటును మోసుకెళ్లలేకపోయారు. అంతటా ఉన్నాడు కదా అని ఆ గుడిని నీళ్లకు వదిలేయని వాళ్లకు నేను మొక్కుతాను. చోటుకు విలువుందని వాళ్లకు తెలుసు.

ఆర్ట్స్ కాలేజీలో మాకు న్యాయశాస్త్ర తత్వం చెప్పిన మాస్టారు ఒకసారి 1925 నాటి తీర్పు గురించి వివరించారు. అది నా బుర్రలో అలాగే ఉండిపోయింది. కలకత్తాలో మల్లిక్ కుటుంబానికి ఇలవేల్పు విగ్రహాలుండేవి. వారసులు వంతులవారీగా పూజ చేసేవాళ్లు. వాళ్లలో ఒకరు తన వంతు వచ్చినప్పుడు స్వామిని తన ఇంటికి తీసుకెళ్లి పూజిస్తానన్నారు. మిగిలినవాళ్లు కుదరదన్నారు. వ్యాజ్యం లండన్‌లోని ప్రివీ కౌన్సిల్ దాకా వెళ్లింది. ప్రమథనాథ్ మల్లిక్, ప్రద్యుమ్నకుమార్ మల్లిక్‌ల మధ్య నడిచిన ఆ కేసులో ప్రివీ కౌన్సిల్ మూడు సంగతులు తేల్చింది. విగ్రహం ఇంటి సామాను కాదు, చట్టం ముందు అది ఒక వ్యక్తి. ఎక్కడ ఉండాలన్న విషయంలో ఆ దేవుడి ఇష్టాన్ని గౌరవించాలి. ఆ ఇష్టాన్ని కోర్టులో వినిపించడానికి, ఆస్తిలో వాటా లేని, పక్షపాతం లేని ఒక మనిషిని దేవుడి తరఫున నియమించాలి.

మన కోర్టులు నేటికీ ఈ దారిలోనే నడుస్తున్నాయి. చట్టం దృష్టిలో దేవుడు ఎప్పటికీ మైనరు. తనంతట తాను మాట్లాడలేడు కాబట్టి ఆయన మేలు చూసే బాధ్యత కోర్టుది. అందుకే పురుషోత్తపట్నం పొలాలు రాష్ట్రం మారినా దేవుడి పేరు మీదే ఉన్నాయి. ఆక్రమణలు వచ్చాయి, తగవులు వచ్చాయి, 2025 జూలైలో అక్కడికి వెళ్లిన దేవస్థానం అధికారి మీద దాడి కూడా జరిగింది. అయినా హక్కు చెరిగిపోలేదు. దేవుడి తరఫున మాట్లాడే గొంతు ఉంది, వినే కోర్టు ఉంది.

మరి ఎటపాక తరఫున? దగ్గర్లోని కన్నాయిగూడెం తరఫున? రాతి విగ్రహాన్ని ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి జరపాలంటే ఆయన ఇష్టం ఏమిటని అడగాలన్న చట్టమున్న దేశంలో, వందల ఊళ్లను ఒక రాష్ట్రం నుంచి మరో రాష్ట్రానికి జరిపేటప్పుడు ఆ ఊళ్లలో ఒక్క గ్రామసభ కూడా పెట్టలేదు. మాది అయిదో షెడ్యూలు ప్రాంతం. కోయలు, కొండరెడ్లు ఎక్కువగా ఉండే నేల. 1996 నాటి పెసా చట్టం ప్రకారం అక్కడ ప్రాజెక్టు కోసం భూమి తీసుకోవాలంటే ముందు గ్రామసభతో గానీ తగిన స్థాయి పంచాయతీతో గానీ మాట్లాడాలి. ఎకరం భూమికి ఉన్న ఆ మర్యాద, ఊరికి ఊరే రాష్ట్రం మారినప్పుడు లేకుండా పోయింది. రాజ్యాంగం మూడో అధికరణం కింద రాష్ట్రాల హద్దులు మార్చే అధికారం పార్లమెంటుది. అడగాల్సింది శాసనసభ అభిప్రాయాన్నే. హద్దు మీద ఇల్లున్న మనిషిని అడగమని అది ఎక్కడా చెప్పదు.

మా ఊళ్లలో హద్దు ఇలా పుట్టదు. చిన్నప్పుడు ముత్యాలమ్మ కొలుపుల్లో పొలి చల్లడం చూశాను. అన్నం వండి, పసుపు కలిపి గంపలో పెట్టుకుని, డప్పు మోతతో అర్ధరాత్రి ఊరి పొలిమేర పొడవునా నడుస్తారు. ఆ అన్నం చల్లుకుంటూ పోతారు. తెల్లవారేసరికి ఊరి చుట్టూ ఒక వలయం పూర్తవుతుంది. హైదరాబాద్ వచ్చాక ఆషాఢంలో అంబర్‌పేట మహంకాళి బోనాల్లో బలిగంప చూసి, ఇంత పెద్ద నగరం కూడా లోపల పల్లెగానే ఉందని ప్రాణం లేచొచ్చింది. ఇదంతా చూశాక నాకు అర్థమైంది ఇది. పొలిమేరను కాళ్లతో నడిచి, అన్నం పెట్టి, ఏటేటా కొత్తగా నిలబెట్టాలి. లోపలి వాళ్లకు ఏ ఆపదా రాకుండా చూస్తామని ఊరంతా కలిసి తీసుకునే వ్రతం అది. ఆ వ్రతం ఎవరూ పట్టకపోతే పొలిమేర లేనట్టే.

ఈ మాట ఒకసారి క్యాంపస్‌లో చిన్న సభలో చెప్పాను. ఒక పరిశోధక విద్యార్థి లేచాడు. "మేడమ్, పొలిమేరను మరీ పైకెత్తకండి. మా వాడ ఎప్పుడూ దానికి బయటే ఉంది. ఊరిలోంచి అమ్మవారిని సాగనంపితే, ఆ రోగం పక్క ఊరి పొలిమేరలో దిగేది" అన్నాడు. నిజం. మన ఊళ్లు గీసుకున్న హద్దులు మాల మాదిగల్ని వెలుపలికి నెట్టాయి. బొడ్రాయి పండగల్లో కూడా ఎవరు ముట్టుకోవాలి, ఎవరు దూరంగా నిలబడాలి అన్న కట్టడి ఉండేది. కాబట్టి హద్దు పాతదైతేనో, దేవుడి పేరున్నదైతేనో దానికదే ధర్మమైపోదు. ఆ కుర్రాడి మాట నా వాదాన్ని పడగొట్టలేదు, దానికి కొలబద్ద ఇచ్చింది. ఏ హద్దునైనా రెండు ప్రశ్నలు అడగాలి. గీసేటప్పుడు దానిమీద బతికేవాళ్లను అడిగారా? గీశాక వాళ్ల బాధ్యత ఎవరైనా నెత్తిన పెట్టుకున్నారా? వాడను బయటపెట్టిన పొలిమేర ఈ రెండింటిలోనూ తప్పింది. 2014 గీత కూడా తప్పింది.

రెండో ప్రశ్నకు జవాబు 2022 జూలైలో కళ్లారా చూశాం. గోదావరి భద్రాచలం దగ్గర 71.3 అడుగులకు వచ్చింది. 1986 ఆగస్టులో 75.6 అడుగులు వచ్చాక అంత నీరు మళ్లీ అప్పుడే చూశాం. 53 అడుగులకే మూడో ప్రమాద హెచ్చరిక ఇస్తారు. వంతెన మీద రాకపోకలు ఆపేశారు. ఎటపాక, కన్నాయిగూడెం, పురుషోత్తపట్నం, పిచ్చుకలపాడు, గుండాల జనానికి పక్కనే ఉన్న ఊరు భద్రాచలం. అప్పట్లో వాళ్ల జిల్లా కేంద్రమేమో కొండల అవతల ఎక్కడో ఉన్న పాడేరు. పట్నానికి కరకట్ట పొడిగించాలంటే స్థలం పక్క రాష్ట్రంలో ఉంది. భద్రాచలం చెత్త వేయడానికి కూడా ఊళ్లో జాగా లేదు, చుట్టూ ఉన్న ఖాళీ నేల అటుది. వరద తగ్గాక ఆ అయిదు పంచాయతీలు తమను తెలంగాణలో కలపమని అడిగాయి. తెలంగాణ ప్రభుత్వం కూడా అడిగింది, కేంద్రం వింది. అంతే. తమ్ముడు ఆ రోజుల్లో అన్న మాట నాకు గుర్తుంది. "అక్కా, ఏ రాష్ట్రమైనా సరే. నీళ్లొస్తే ఎవరికి ఫోన్ చేయాలో ఒక్క పేరు చెప్పమను, చాలు."

రాష్ట్రాలు దేవుడి విషయంలోనూ విడిపోయాయి. శ్రీరామనవమికి భద్రాచలం మిథిలా స్టేడియంలో తెలంగాణ ప్రభుత్వం పట్టువస్త్రాలు, ముత్యాల తలంబ్రాలు సమర్పిస్తుంది. ఆంధ్ర ప్రభుత్వం 2015 నుంచి కడప జిల్లా ఒంటిమిట్టలో కోదండరాముడి కల్యాణాన్ని తన వేడుకగా జరుపుతోంది. ఒంటిమిట్ట గొప్ప క్షేత్రం, దానికి ఆదరణ రావడం నాకు ఇష్టమే. కానీ మనుషుల లెక్క వేరు. తూర్పుగోదావరి వైపు కోరుకొండ భక్తులు నేటికీ వడ్లు పండించి, గోటితో ఒలిచి, ఆ బియ్యాన్ని భద్రాచలం కల్యాణానికి తెస్తారు. శబరి స్మృతి యాత్రకు కోయలు అడవిపూలూ పండ్లూ పట్టుకుని గీతకు అటూ ఇటూ ఉన్న గూడేల నుంచి వస్తారు. శబరి నది గోదావరిలో కలిసే కూనవరం ఇప్పుడు ఆంధ్ర. శబరి పండ్లు తిన్న రాముడు తెలంగాణ. కోయల గట్లు అనే వంశ విభాగాలు, ఇలవేల్పులు తెలంగాణ, ఆంధ్ర, ఛత్తీస్‌గఢ్, ఒడిశా నాలుగింటా పరుచుకుని ఉన్నాయి. పెళ్లి సంబంధం కుదర్చడానికి గట్టు అడుగుతారు గాని రాష్ట్రం అడగరు.

దేవుణ్ని ముందుపెట్టి హద్దుల సంగతి మాట్లాడితే ప్రమాదం లేదా అని అడిగేవాళ్లున్నారు. ఉంది. థాయ్‌లాండ్, కంబోడియా మధ్య కొండ అంచున ప్రీయ విహార్ అనే శివాలయం ఉంది. కొండ నీటివాలే హద్దని 1904లో ఒప్పుకున్నారు, తర్వాత ఫ్రెంచివాళ్లు గీసిన పటంలో గుడి కంబోడియా వైపు పడింది. 1962లో అంతర్జాతీయ న్యాయస్థానం గుడి కంబోడియాదేనని తీర్పు చెప్పింది. 2008 తర్వాత ఆ గుడి చుట్టూ తుపాకులు పేలాయి, 2025లో మళ్లీ పేలాయి. శివుడి ముంగిట సైనికులు చనిపోయారు. గుడి ఉన్నచోటల్లా నేల నాదే అనే వాదన అక్కడికి తీసుకెళ్తుంది. ఆ దారి నాకు వద్దు. భద్రాచలం రాముడున్నాడు కాబట్టి చుట్టుపక్కల నేలంతా తెలంగాణకు రావాలని నేను అనను. రాముడి పేరు చెప్పి ఏ ప్రభుత్వమైనా ఆ ఊళ్లను లాక్కోవాలనుకుంటే దానికీ అడ్డం నిలబడతాను.

నేను అడిగేది నేల సంగతి కాదు, బాధ్యత సంగతి. పంజాబ్‌లో గురునానక్ తన చివరి ఏళ్లు గడిపిన కర్తార్‌పూర్ 1947లో పాకిస్తాన్‌లో పడింది. రావి అవతల నాలుగు కిలోమీటర్ల దూరం. డేరా బాబా నానక్ దగ్గర సరిహద్దున నిలబడి బైనాక్యులర్లలో గురుద్వారాను చూసి దండం పెట్టుకునేవాళ్లు. 2019 నవంబరు 9న వీసా లేకుండా వెళ్లే దారి తెరిచారు. సరిహద్దు అంగుళం జరగలేదు. దాని మీదుగా దారి ఇవ్వడం తమ ధర్మమని రెండు శత్రుదేశాలు ఒప్పుకున్నాయి. 2025 మేలో అది మళ్లీ మూతపడింది. అయినా ఆ కొన్నేళ్లు ఒక నిజం రుజువు చేశాయి. గీత ఉంటూనే బాధ్యత గీత దాటగలదు. బద్ధవైరంతో ఉన్న రెండు దేశాలకు చేతనైంది, ఒకే భాష మాట్లాడే రెండు రాష్ట్రాలకు చేతకాదంటే నేను నమ్మను.

గీతలు శాశ్వతం కావనడానికి ఉస్మానియా క్యాంపస్ పక్క నేలే సాక్ష్యం. తార్నాక దాటి సికింద్రాబాద్ వైపు వెళ్తే, 1940ల నడిమి దాకా అది ఇంగ్లీషు వాళ్ల పాలనలోని నేల. ఇటు నిజాం రాజ్యం. చట్టం వేరు, పోలీసు వేరు. ఈ రోజు గోల్నాక నుంచి తార్నాక మీదుగా సికింద్రాబాద్ వెళ్లే బస్సులో ఎవరికీ ఆ గీత ఎక్కడుండేదో గుర్తు లేదు. ఏలినవాళ్ల గీతలు ఎంత బలంగా కనిపించినా ఇంతే. అందుకే గీత కోసం పోట్లాడటం కన్నా, అది ఉన్నన్నాళ్లూ దానిమీద నలిగేవాళ్లను ఎవరు చూసుకుంటారన్నది నాకు పెద్ద ప్రశ్న.

వైష్ణవ ఆచార్యులు అర్చావతారంలో చూపిన సత్యం ఇక్కడ నాకు దారి చూపిస్తుంది. దేవుడు ఒక చోటికి కట్టుబడి, తనను చూసుకునేవాళ్ల చేతుల్లో తన్ను తాను పెట్టాడు. అంటే చోటుకు కట్టుబడిన బతుకు ఎప్పుడూ ఇతరుల మీద ఆధారపడే బతుకే. అలాంటి బతుకును గౌరవించడమే ఆరాధన. ఊరు కూడా అలాంటిదే. ఏటి గట్టునున్న ఊరు లేచి పోలేదు. వరదకూ, చట్టానికీ, పటం గీసే చేతికీ తలవంచి అక్కడే ఉంటుంది. గర్భగుడిలోని రాముడికి సుప్రభాతం పాడి, ఆయన పొలం పక్కనున్న కోయ గూడెం గోడును వినకపోతే ఆ సుప్రభాతం సగమే. దమ్మక్క పెట్టిన పండు తిన్న దేవుడికి, దమ్మక్క జాతి మనుషుల ఇష్టం పట్టదని నేనెలా అనుకోగలను?

నా మేనకోడలికి చెప్పిన జవాబు ఇది. "అమ్మా, నువ్వు ఎక్కడి దానివో గడి చెప్పలేదు. నీ కోసం ఎవరు జవాబుదారీ తీసుకుంటారో అక్కడి దానివి. ఆ జవాబుదారీ రెండు వైపులా అడిగే హక్కు నీకుంది." ఆ పిల్లకు ఇది చాలదని తెలుసు. సీటు రావాలి, స్కాలర్‌షిప్ రావాలి. అందుకే మాటతో ఆగకుండా పనులు చెబుతున్నాను. హద్దు మీది పిల్లల్ని రెండు రాష్ట్రాలూ లోకల్‌గా గుర్తించాలి. భద్రాచలం ఆసుపత్రి ఖర్చును రెండు రాష్ట్రాలూ పంచుకోవాలి. గోదావరి వరదకు ఎటపాక, భద్రాచలం కలిపి ఒకే అధికారిని పెట్టాలి, తమ్ముడు అడిగిన ఆ ఒక్క పేరు అదే. కరకట్టకూ, చెత్తకూ స్థలం విషయంలో కలిసి కూర్చోవాలి. పురుషోత్తపట్నం భూముల ఆదాయంలో కొంత ఆ చుట్టుపక్కల ఊళ్ల బడులకు చేరాలి. దేవుడి ఆస్తి వల్ల పక్కింటివాడికి మేలు జరిగితే తగవులు తగ్గుతాయి.

వీటన్నిటికీ ముందు చేయాల్సింది ఇంకొకటి ఉంది. ఎటపాక, పురుషోత్తపట్నం, కన్నాయిగూడెం, గుండాల, పిచ్చుకలపాడు పంచాయతీల్లో గ్రామసభలు పెట్టి, చేతులెత్తించి, అందరి ముందూ అడగాలి. డ్యాము కోసం కదిలించిన ఊళ్లనూ అడగాలి. వాళ్లు తెలంగాణ అంటే తెలంగాణ, ఆంధ్ర అంటే ఆంధ్ర. మా తమ్ముడు ఆంధ్ర అని చేయెత్తినా నేను సంతోషిస్తాను. 1925లో ఒక కోర్టు దేవుడి ఇష్టం అడగమని చెప్పి దేవుణ్ని మనిషిగా గుర్తించింది. ఊరి ఇష్టం అడిగిన రోజున మనుషుల్ని మనుషులుగా గుర్తించినవాళ్లమవుతాం.